సైదాబీ పలికేదాకా

బాటల సంఘపు గౌరవ సభ్యులకు, ఈ ఉత్తరం వినడానికి సభలో కూర్చున్న ఉభయ పేటల పెద్దలకు, కిందిపేట బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి పొందిన దాసరి పరంధామం నమస్కరించి విన్నవించుకొనునది.

తేదీని, స్థలాన్ని రాయలేదు. అది నా మరపు కాదు, మన సభ నియమం. ఉత్తరాన్ని ఎక్కడ వినిపిస్తే అదే దాని స్థలం, ఎప్పుడు వినిపిస్తే అదే దాని తేదీ. చేతితో నడిపే బండిని ఎవరు తయారుచేసినా, పని సాగిన తీరు సంఘానికి రాసి పంపాలని మీ నియమావళి చెబుతున్నది. ‘నమోదు చేయబడవలెను’ అని మీరు రాశారు. ‘నమోదు చేయాలి’ అంటే చాలు. పనిచేసే మనిషి ఎదుటే నిలబడి ఉండగా అతన్ని వాక్యంలోనుంచి తప్పించడం మర్యాద కాదు. ఈ విషయం ఇంతటితో వదిలిపెడుతున్నాను.

మొదటి నమోదు

మా బడి ఆవరణలో ఒక అంబాసిడర్ కారు ఉన్నది. ఇంజను లేదు, చక్రాలు లేవు, నాలుగు రాళ్లమీద నిలబడి ఉన్నది. అది రోడ్డుమీద తిరిగిన కాలం మా తాతల కాలం. నేను ఉద్యోగంలో చేరేనాటికే అందులో ఒకటో తరగతి నడిచేది. తలుపులు మూస్తే పిల్లలు పారిపోలేరు. అద్దాలు లేవు కనుక గాలి ఆడుతుంది. దీర్ఘాలు రానివాళ్లు ముందు సీట్లో, వచ్చినవాళ్లు వెనుక సీట్లో కూర్చునేవారు. కప్పు లోపలివైపు మేకుతో గీసిన అక్షరాలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో మంచివి తక్కువ.

ఈ ఉదయం హుసేనమ్మగారు వచ్చి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, నా ఎదుట నిలబడ్డారు.

"మాస్టారూ, మీ ఒకటో తరగతిని నాకియ్యండి."

ఆమెది మీదిపేట. గాడిబండ్లు రాకముందు ఘాటు రోడ్డుమీద లారీ నడిపిన మనిషి. ఇప్పుడు బండ్లన్నీ నేలలో వేసిన గాడి పట్టుకుని వాటంతట అవే పోతున్నాయి. స్టీరింగు పట్టడం తెలిసినవారు ఉభయ పేటల్లోనూ ఆమె ఒక్కరే. ఆ గాడి కొండ అడుగున ఆగిపోయింది. ఘాటు రోడ్డుమీద చక్రం తిరిగి ఎన్నో ఏళ్లయింది. వానలు వెళ్లేలోగా ఒక్క బండి అయినా కొండ ఎక్కకపోతే, ఆ రోడ్డును చచ్చిన బాటగా ప్రకటించి, దాని రాళ్లు పెకలించి కొత్త గాడికి వాడుకుంటామని మీరే తీర్మానించారు. బాట పోతే మీదిపేట ఖాళీ కావాలి.

"కిందిపేటలో మీకు ఇల్లు ఇస్తామన్నారు కదా?" అన్నాను.

"ఇస్తారు. నా పనసచెట్టును గూడా మోసుకొచ్చి ఇస్తారా? పొద్దున్నే లేచి కిందికి చూడటం అలవాటైన దాన్ని. ముసలితనాన పైకి చూసుకుంటా బతకమంటారా? మోకాళ్లు బాగున్నన్నాళ్లూ నడిచే ఎక్కా. ఇంక కుదరదు. కారియ్యండి, ఎక్కిచ్చి చూపిస్తా."

నేను కారిచ్చాను. నన్ను కూడా పనిలో చేర్చుకోవాలని షరతు పెట్టాను.

"మీకేం పని వచ్చు?"

"తప్పులు పట్టగలను."

"అదొక్కటీ మాలో అందరికీ వచ్చు," అన్నారామె. అయినా ఒప్పుకున్నారు.

రెండో నమోదు

కారును రాళ్లమీదనుంచి దించాము. హుసేనమ్మగారు దాని ఒళ్లంతా పానాతో కొట్టి, ఆ మోతనుబట్టి ఎక్కడ ఇనుము ఉన్నదో, ఎక్కడ రంగు మాత్రమే మిగిలి ఉన్నదో తేల్చారు. అడుగురేకు తుప్పు పట్టి చేతికి పొడిగా రాలింది. పాత ధాన్యపు గాదె రేకు కోసి, దాని స్థానంలో అతికించారు. బండి బరువు మోసే వెనుక కమాన్ కట్టలు మాత్రం చెక్కుచెదరలేదు. వాటిని చూసి ఆమె, చిన్ననాటి స్నేహితురాలు ఎదురైనట్టు, "ఇంకా ఉన్నావా తల్లీ," అన్నారు.

వెనుకకు పొలంయంత్రం టైర్లు దొరికాయి. ముందుకు అంత పెద్దవి దొరకలేదు. దానితో కారు వెనుకభాగం లేచి, ముక్కు కిందికి వంగి, పరుగు తీయబోయే పోట్లగిత్తలా తయారైంది. ఇంజను ఉండవలసిన చోట బ్యాటరీ పెట్టె అమర్చాము. అది ఎత్తుగా ఉండటంవల్ల పైన బానెట్ మూత పడలేదు. ఆమె బానెట్‌కు మధ్యలో పెద్ద కంత కోశారు. నేను బాధపడ్డాను.

"అందం కావాలా, ఎత్తెక్కటం కావాలా?"

"రెండూ కావాలి."

"అయితే కంత అంచులు మీరు నున్నగా రుద్దండి. అదే అందం."

రుద్దాను. చింతపండు రంగు నేనే వేశాను. కారు వెనుక, తెల్లని అక్షరాలతో, ‘ఈ వాహనమును మనుష్యులు నడుపుచున్నారు, కావున వెనుక వచ్చువారు తగినంత దూరము పాటించి నడువవలెను’ అని రాశాను. స్వల్పవిరామం చక్కగా కుదిరింది.

హుసేనమ్మగారు చదివి, "ఇది చదవాలంటే దగ్గరకి రావాల్సిందేగా మాస్టారూ," అన్నారు.

నేను దాన్ని మార్చలేదు. వాక్యంలో తప్పు లేదు.

మూడో నమోదు

గాడిబండికి ఇంజను ఉండదు. ప్రతి చక్రంలోనూ ఒక మోటారు ఉంటుంది, ఆ నాలుగు మోటార్లూ టిఫిన్ డబ్బా అంత ఉండే ఒక బుర్ర చెప్పిన మాట వింటాయి. మోటార్లు దొరకడం కష్టం కాలేదు, బుర్ర దగ్గరే చిక్కు వచ్చింది. గాడి దాటితే మోటార్లను ఆపేయాలని ప్రతి బుర్రకూ పుట్టుకతోనే నేర్పారు. మూడు రకాలు తెచ్చి చూశాము. బడి ఆవరణలో గాడి లేదని తెలుసుకున్న మరుక్షణం మూడూ మూగబోయాయి.

అప్పుడు నాకు మా పాత బడిబండి గుర్తుకువచ్చింది. గాడి వదిలి, పిల్లల ఇళ్ల గుమ్మాలదాకా వెళ్లడానికి అనుమతి ఉన్న బండి అదొక్కటే. పాతసామాను దొడ్డిలో కప్పు ఊడి పడి ఉన్నది. దాని బుర్ర తెచ్చి పెట్టగానే నాలుగు చక్రాలూ గాలిలో తిరిగాయి. హుసేనమ్మగారు స్టీరింగు పక్కనున్న పాత గేరు కర్రను తీయనివ్వలేదు. గేర్లు లేని బండికి అది దేనికని అడిగాను. "ఎడంచేతికి పనుండాలి," అన్నారు. చివరికి దాన్ని దిగుడులో వేగం తగ్గించడానికి మోటార్లకు తగిలించారు.

మధ్యాహ్నం ఆమె కూతురు సైదాబీ జొన్నరొట్టెలు, తేనె తెచ్చింది. సైదాబీ నా శిష్యురాలు. ఇప్పుడు మీదిపేటలో తేనెటీగలు పెంచుతున్నది. హుసేనమ్మగారు కళ్లజోడు ఇంటిదగ్గర మరిచిపోయారని తెలిసి, మేమందరం కొండ అడుగుదాకా వెళ్లాము. కొండమీద మాట్లాడే పెట్టెలు పనిచేయవు. ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి ఒక్క కూత పెట్టారు. మొదటి మలుపులో మేకలు కాసే మనిషి ఆ మాట అందుకుని పై మలుపుకు కూశాడు, అక్కడివారు ఆపైకి కూశారు. సాయంత్రానికి కళ్లజోడు దిగి వచ్చింది.

కారు చక్రాలు తిరుగుతున్నాయి, తేనె బాగున్నది. ఇంతకంటే రాయవలసినది ఈ పూటకు లేదు.

నాలుగో నమోదు

కిందిపేట వీధుల్లో నడపడానికి మీరు అనుమతి ఇచ్చారు. కారు బడి గేటు దాటి, ఎంతో హుందాగా సాగి, నూనెమిల్లు ముందు ఆగిపోయింది. లోపలెక్కడో ‘టింగ్’ మని గంట మోగింది. హుసేనమ్మగారు తొక్కవలసినవి తొక్కారు, అనవలసినవి అన్నారు. కదలలేదు. ఆమెకు మాటలు అయిపోతున్న సమయానికి దానంతట అదే కదిలింది. కొంతదూరం పోయి ఒక తుమ్మపొద ముందు మళ్లీ ఆగింది, మళ్లీ గంట. మూడోసారి బత్తుల యోహాను ఇంటిముందు ఆగింది.

యోహాను మీ సంఘపు తనిఖీదారు. ఘాటు రోడ్డు బతికినదో, చచ్చినదో తేల్చవలసినవాడు అతనే. కొత్త గాడికి రాళ్లు చాలక ఇబ్బంది పడుతున్నవాడూ అతనే. గేటుమీద చేయివేసి నవ్వాడు.

"ఏం మాస్టారూ, నా గుమ్మం ముందే ఆగిపోయింది. దీన్నేనా కొండెక్కిచ్చేది?"

"ఆగిపోలేదయ్యా, ఎవరికోసమో ఆగింది," అని మందలించాను. ఆ మాట నా నోటినుంచి వచ్చాక నాకే వినిపించింది. నూనెమిల్లులో ఒకప్పుడు నాకొక శిష్యురాలు ఉండేది. తుమ్మపొద ఉన్నచోట కుమ్మరి శేషయ్య ఇల్లు ఉండేది, ఆయన కొడుకు నా దగ్గర చదివాడు. ఆ తరువాతి ఇల్లు ఇదే.

నేను గొంతు సవరించుకుని, బడిలో పిలిచినట్టు పిలిచాను.

"బత్తుల యోహాను!"

"వచ్చానండీ!"

నడివయసు అధికారి నోటినుంచి ఆ మాట అతని అనుమతి లేకుండా వచ్చింది. వెంటనే గంట మోగింది. కారు ఒక్క ఉదుటున కదిలింది. యోహాను ఇంట్లోవాళ్లు హుసేనమ్మగారి చేతికిచ్చిన మజ్జిగ గ్లాసు నా చొక్కామీద ఖాళీ అయింది.

ఐదో నమోదు

ఈనాటి పిల్లలకు తెలియదు కనుక వివరిస్తాను. ఆ రోజుల్లో నేను బడిబండిలో కూర్చుని, ప్రతి గుమ్మంముందు ఒక పేరు పిలిచేవాణ్ణి. పిల్ల జవాబు చెప్పాకే బండి కదిలేది. బుర్రకు కళ్లు లేవు, బరువు తూచే శక్తి లేదు, ఎవరి గొంతు ఏదో తెలియదు. పేరు వినిపించాలి, జవాబు వినిపించాలి, అంతే. ఒకరి బదులు ఇంకొకరు పలికినా దానికి సమ్మతమే. నాకు మాత్రం సమ్మతం కాదు. దొంగపలుకు పలికినందుకు యోహానును ఎన్నిసార్లు బెంచీ ఎక్కించానో సభలో చెప్పడం బాగుండదు.

జవాబు రాకపోతే బండి కొంతసేపు చూసి వెళ్లిపోయేది. ఒక్క కొండ అడుగున మాత్రం వెళ్లేది కాదు. సైదాబీ అంత దూరమూ పరుగెత్తుకుంటూ దిగి రావాలి. ఒకసారి ఆమె అరసున్నా అంత దూరంలో ఉండగా బండి కదిలింది, పిల్ల ఏడ్చుకుంటూ కొండ ఎక్కింది. ఆ మరునాడే నేను బుర్రకు చెప్పాను: "సైదాబీ పలికేదాకా ఇక్కడినుంచి కదలకూడదు." పిల్లను వదలవద్దనే మాటను ఆ బుర్ర స్వీకరిస్తుంది. వదిలి వెళ్లమనే మాటను ఎవరినుంచీ స్వీకరించదు, చెప్పింది నేనే అయినా సరే. దాన్ని చేసినవారు తెలిసే అలా చేశారు.

ఇవన్నీ చెరిపేయవచ్చునేమోనని దొడ్డి మేస్త్రీని అడిగాము. చెరిపితే గాడి దాటే అనుమతి కూడా పోతుందన్నాడు. కాబట్టి దారి ఒక్కటే: పిలవడం.

ఇంటింటికీ వెళ్లి చెప్పాను. సాయంత్రాలు కారు బయలుదేరితే, నా పాత శిష్యులు గుమ్మాలలో నిలబడి ఉంటారు. నేను పిలుస్తాను, వాళ్లు పలుకుతారు. తల నెరిసినవాళ్లు, మనవలను ఎత్తుకున్నవాళ్లు. కుమ్మరి శేషయ్య కొడుకు పక్కపేటనుంచి రోజూ వచ్చి తుమ్మపొద పక్కన నిలబడి పలికి వెళ్తున్నాడు. కొండ అడుగుకు చేరేసరికి సైదాబీ వెనుక సీట్లోనే ఉంటుంది. తేనె డబ్బా ఒళ్లో పెట్టుకుని, "వచ్చానండీ మాస్టారూ, కారులోనే వచ్చా," అంటుంది. కారు గంట కొట్టి కొండవైపు ముక్కు తిప్పుతుంది. పరీక్ష రోజుకు ముందు ఘాటు ఎక్కడానికి అనుమతి లేదు కనుక, మేము దాన్ని వెనక్కు మళ్లిస్తున్నాము.

హాజరు పూర్తిగా ఉన్న తరగతిని చూస్తే ఉపాధ్యాయుడికి కలిగే తృప్తి ఏమిటో, ఉపాధ్యాయులకు తెలుసు.

ఆరో నమోదు

పరీక్ష రోజు. ఒకే అవకాశం. పొద్దువాలేలోగా కారు మీదిపేట చేరాలి, తనిఖీదారు అందులో కూర్చోవాలి. బండిని అందుకోవడానికి ఊరు ఉన్నదని తెలియాలి కనుక, బండి నడిపే మనిషి తప్ప మీదిపేటవారందరూ కొండమీదే ఉండాలి. కొందరు మలుపుల్లో నిలబడి, దొర్లిపడిన రాళ్లు తొలగించవచ్చు. ఈ నియమాలు మేము ముందే చదివాము. నేను వాటిలో ఆరు తప్పులు దిద్దాను కూడా. చూడవలసింది మాత్రం చూడలేదు.

హుసేనమ్మగారు స్టీరింగు పట్టారు. నేను పక్కన, యోహాను వెనుక కూర్చున్నాము. గుమ్మాలన్నీ పలికాయి. యోహాను తన ఇంటిముందు కారులోనుంచే పలికి, సిగ్గుపడి కిటికీవైపు తిరిగాడు. కొండ అడుగున కారు ఆగింది. గంట మోగింది. నేను అలవాటుగా వెనక్కు తిరిగి, "సైదాబీ!" అన్నాను.

వెనుక సీట్లో యోహాను ఒక్కడే ఉన్నాడు. సైదాబీ నియమం ప్రకారం కొండమీద ఉన్నది.

మబ్బు కిందికి దిగుతున్నది.

"ఎంతసేపు ఆగుద్ది మాస్టారూ?" అన్నాడు యోహాను.

"సైదాబీ పలికేదాకా."

"మీరేగా చెప్పింది? మీరే వద్దని చెప్పండి."

"అది వినదు."

"సైదాబీని దింపి నడిపిచ్చుకొద్దామంటే, దిగొచ్చేసరికి చీకటి పడుద్ది. పైగా పైవాళ్లు పైనే ఉండాలని రాసుంది," అని యోహాను ముందుకు వంగాడు. అతని గొంతులో తనిఖీదారు లేడు, వెనుక బెంచీ కుర్రవాడు ఉన్నాడు. "పోనీ నేనే పలికేదా? ఆడగొంతు నాకింకా వచ్చు."

"నువ్వెందుకురా, నేనున్నా," అన్నారు హుసేనమ్మగారు. "కన్నదాన్ని. నా బిడ్డ బదులు నేను పలికితే తప్పేంది? పిలవండి మాస్టారూ."

నేను పిలవలేదు.

"మాస్టారూ, నా ఇల్లు పోతందయ్యా!"

ఆమె అలా అరవడం నేనెప్పుడూ వినలేదు. ఆ ఇల్లు, ఆ పనసచెట్టు, ఉదయాన కిందికి చూసే ఆ అరుగు నాకు తెలియనివి కావు. అయినా ఈ ఉత్తరాన్ని సభలో చదువుతారు. ‘సైదాబీ పలికింది, కారు కదిలింది’ అని నేను రాయాలి. సైదాబీ పలకకుండా ఆ వాక్యం రాయలేను. అబద్ధంమీద కొండ ఎక్కితే, రేపు ఎవరైనా లేచి అడిగినప్పుడు ఆ బాట మళ్లీ చస్తుంది. ఆమెతో ఇదంతా చెప్పాను.

"అయితే ఏం చేద్దామంటారు? ఇక్కడే కూచుని పద్యాలు చెప్పుకుందామా?"

"పిలుద్దాం," అన్నాను. "ఆమెనే పిలుద్దాం."

నేను కారు దిగాను. పదవీ విరమణ తరువాత గొంతెత్తలేదు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి, కొండవైపు తిరిగి, ఉన్న ఊపిరంతా పెట్టి పిలిచాను.

"సైదాబీ!"

అది మొదటి మలుపుదాకా కూడా పోలేదు. హుసేనమ్మగారు నావైపు జాలిగా చూసి, దిగి, ఒక కూత పెట్టారు. పిట్టలు లేచాయి. మొదటి మలుపులో మేకల మనిషి అందుకున్నాడు. "సైదాబీ... హాజరూ..." ఆపైన ఇంకో గొంతు. ఆపైన ఇంకొకటి, సన్నగా. తరువాత మబ్బు తప్ప ఏమీ లేదు.

యోహాను కూడా దిగి మా పక్కన నిలబడ్డాడు. ముగ్గురమూ చెవులు కొండకు అప్పగించాము. ఆ కాసేపట్లో అతను మెల్లగా, "ఆ పిల్ల రోజూ అంత దూరం దిగేదా మాస్టారూ?" అని అడిగాడు.

"వానలో కూడా."

మొదట ఎక్కడో చీమ నవ్వినంత చప్పుడు. తరువాత ఒక ఆడగొంతు, దాని కింద ఒక మగగొంతు. చివరికి మేకల మనిషి, గట్టిగా, ఒక్కొక్క అక్షరాన్నీ సాగదీస్తూ కూశాడు.

"వచ్చానండీ... మాస్టారూ..."

ఇది ఆమె పలుకా, మేకల మనిషి పలుకా, దీన్ని హాజరుగా తీసుకోవచ్చునా అని నేను ఆలోచించడం మొదలుపెట్టాను. కారు ఆలోచించలేదు. గంట కొట్టింది, కదిలింది. స్టీరింగు దగ్గర ఎవరూ లేరు. హుసేనమ్మగారు, మోకాళ్ల సంగతి మరిచి, పరుగెత్తి ఎక్కారు. యోహాను నన్ను వెనుక తలుపులోనుంచి లోపలికి తోసి, తాను నామీద పడ్డాడు.

ఆ ఎక్కుడు గురించి నేనేం రాయను? పెద్ద చక్రాలు రాళ్లను పట్టుకున్న తీరు, కమాన్ కట్టల మూలుగు, కంతలోనుంచి వచ్చే వేడిగాలి, మలుపు మలుపునా హుసేనమ్మగారి భుజాలు తిరిగిన తీరు. ఆమె లారీ పాట ఒకటి అందుకున్నారు. అందులోని మాటలు సభకు తగవు. మూడో మలుపులో చక్రం కింద రాయి జారి కారు లోయవైపు ఒరిగింది. ఆమె స్టీరింగును ఎడమకు ఒక్క గుంజు గుంజి, "నా దగ్గరా నీ వేషాలు," అని కొండతో అన్నారు. ఏ బుర్రకూ ఆ మాట నేర్పలేము. మలుపుల్లో నిలబడినవాళ్లు కారును తాకి, వెంట పరుగెత్తారు.

మీదిపేట మొదటి ఇంటి ముందు, తేనెటీగల ముసుగు వెనక్కు వేసుకుని సైదాబీ నిలబడి ఉన్నది. యోహాను దిగి, ఆమె ఎదుటికి వెళ్లి, తనిఖీదారు అడగవలసిన పద్ధతిలోనే అడిగాడు.

"కింద పేరు పిలిస్తే జవాబిచ్చింది నువ్వేనా?"

"నేనే. ఎవరనుకున్నావు? నీలాగా దొంగపలుకులు నాకు రావు యోహానూ."

అతను చాలాసేపు నవ్వాడు. తరువాత వంగి, రోడ్డుమీద పడిన టైరు గుర్తును వేలితో కొలిచి, పైకి లేచి అన్నాడు. "చక్రం ఎక్కింది. బాట బతికింది. రాళ్లు ఇంకెక్కడన్నా చూసుకుంటా."

హుసేనమ్మగారు అప్పటికే అరుగుమీద కూర్చుని, కిందికి చూస్తున్నారు. నన్ను పిలిచి పక్కన చోటు చూపించారు. పనసతొనలు పెట్టారు. నేను కూడా కిందికి చూశాను. మన పేట అక్కడినుంచి చాలా చక్కగా ఉన్నది.

చివరి నమోదు

కారు ఇప్పుడు ప్రతి ఉదయం కొండ ఎక్కి దిగుతున్నది. హుసేనమ్మగారు నడుపుతారు. మధ్యాహ్నం అది బడి ఆవరణలో నిలబడుతుంది, అందులో ఒకటో తరగతి నడుస్తుంది. వెనుక నేను రాసిన వాక్యాన్ని చదవడానికి పిల్లలు దగ్గరకే వస్తున్నారు. ఆ సంగతి ఆమెతో చెప్పవలసిన అవసరం నాకు కనబడలేదు.

తనిఖీదారు మాట ఒక్కటే చాలదని, బండి చేసినవారి ఉత్తరం విని ఎవరూ అడ్డు చెప్పకపోతేనే ఘాటు రోడ్డు బతికిన బాటల్లో చేరుతుందని నియమం. అందువల్ల నా మనవి ఇది. ఈ ఉత్తరాన్ని పెట్టెచేత చదివించవద్దు. మనిషి చదవాలి, బిగ్గరగా చదవాలి, వాక్యం ముగిసినచోట ఆగాలి. సభను తలుపులు తీసి, కొండవైపు ముఖంగా జరపాలి. చదవడం పూర్తయ్యాక, ఇందులో ఉన్న పేర్లు ఒక్కొక్కటే పిలవాలి. యోహాను మీ పక్కనే ఉంటాడు, వెంటనే పలుకుతాడు. హుసేనమ్మగారు పిలవకముందే పలుకుతారు.

సైదాబీ పేరు పిలిచాక మాత్రం కాసేపు ఓపిక పట్టండి. ఎవరూ ఆమె బదులు పలకవద్దు. జవాబు కొండమీదినుంచి రావాలి.